పుట్టినరోజుకు ఎస్‌ఎస్‌డి అడగండి

సీతాఫల్‌మండి, వారాసిగూడ, తార్నాక వీధుల్లో గదులు తీసుకుని ఉస్మానియాలో చదువుకునే పిల్లల్లో చాలామంది దగ్గర అన్నయ్యో అక్కో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ ఉంటుంది. బటన్ నొక్కాక తెర సిద్ధమవడానికి నిమిషాలు పడుతుంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిస్తే హ్యాంగ్ అవుతుంది. ‘దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే’ అని చూసినవాళ్లంతా అనేస్తారు. పుట్టినరోజుకు ఏం కావాలని నాన్నో మేనమామో అడిగినప్పుడు కొత్త ల్యాప్‌టాప్ అనడానికి నోరు రాదు. అంత అడగక్కర్లేదు కూడా. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే, అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డి ఒక్కటి చాలు. కంప్యూటర్ జ్ఞాపకాన్ని చౌక చేయాలన్న పట్టుదల నుంచే అది పుట్టింది.

నిదానం ఎక్కడిది?

పాత ల్యాప్‌టాప్ నిదానానికి ఎక్కువసార్లు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచింది 50 లక్షల అక్షరాలు. తర్వాత పరిమాణం చిన్నదైంది కానీ పద్ధతి మారలేదు. అయస్కాంత పూత పూసిన పళ్లెం తిరుగుతుంటే, ఒక చిన్న చేయి కదిలి కావలసిన చోట చదువుతుంది.

ల్యాప్‌టాప్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. వెతికే చోటు చేయి కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. చేయి కదలడానికి మరో పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అందువల్ల చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు 60, 70 మాత్రమే చదవగలదు. విండోస్ మొదలవడానికి అలాంటివి వేలల్లో కావాలి. అంతసేపూ ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. ఎస్‌ఎస్‌డిలో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు. అదే ముక్క మిల్లీసెకనులో పదో వంతుకే అందుతుంది.

1967 నుంచి 1987 దాకా

ఎస్‌ఎస్‌డికి బీజం 1967లో పడింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఒక ట్రాన్సిస్టర్‌లో అన్నివైపులా విద్యుత్ నిరోధకం కప్పిన చిన్న పొర పెట్టారు. అందులోకి ఎలక్ట్రాన్లను పంపితే కరెంటు ఆపినా బయటికి పోవు. అవి ఉన్నాయా లేవా అన్నదే ఒకటి, సున్నా అవుతుంది. అదే ఏడాది తార్నాకకు కొన్ని మైళ్ల దూరంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ కంప్యూటర్లను తర్వాత అక్కడే తయారుచేశారు. ఆ కాలపు కంప్యూటర్ల జ్ఞాపకం అంటే సన్నని తీగలు గుచ్చిన అయస్కాంత ఉంగరాలు. ఒక్కో ఉంగరంలో ఒక్క బిట్.

అసలు మలుపు జపాన్‌లో వచ్చింది. తోషిబాలో పనిచేసే ఫుజియో మసువోకాకు ఒక చిక్కు ఎదురైంది. అప్పటికే ఉన్న చెరిపి రాసే చిప్పుల్లో ప్రతి బైటునూ విడిగా చెరపవచ్చు. కానీ ఆ సౌకర్యం కోసం ఒక్కో గడికి, అంటే బిట్ దాచే చోటుకు, రెండు ట్రాన్సిస్టర్లు కావాలి. దాంతో ధర పెరిగేది. ఆయన ఆ సౌకర్యాన్నే వదులుకున్నారు. పలక మీద ఒక్కో అక్షరాన్నీ కాకుండా పలకంతా ఒకేసారి తుడిచినట్టు, గడులను గుంపుగా చెరిపితే ఒక్కో గడికి ఒక్క ట్రాన్సిస్టర్ చాలు. 1984లో ఆ ఫ్లాష్ మెమరీని, 1987లో గడులను వరుసగా గొలుసుకట్టి ఇంకా చోటు మిగిల్చిన నాండ్ రకాన్ని లోకానికి చూపించారు. నేటి ఎస్‌ఎస్‌డిలన్నిటికీ ఆధారం ఆ నాండ్. తన ఆవిష్కరణకు న్యాయమైన ప్రతిఫలం కోసం మసువోకా తోషిబాతో కోర్టులో పోరాడాల్సి వచ్చింది. 2006లో 8.7 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. ఆయన పని ప్రపంచానికి ఇచ్చినదాని ముందు అది చాలా చిన్న మొత్తం.

వెయ్యి డాలర్ల 20 ఎంబీ

1991లో సన్‌డిస్క్ అనే చిన్న కంపెనీ ఐబీఎంకు ఫ్లాష్ డ్రైవ్ అమ్మింది. సామర్థ్యం 20 మెగాబైట్లు, ధర దాదాపు వెయ్యి డాలర్లు. అదే లెక్కన నేటి 256 జీబీ డ్రైవ్‌కు కోటీ 28 లక్షల డాలర్లు కట్టాలి. తర్వాత ధర ఇలా దిగింది: గడులు చిన్నవయ్యాయి. ఒక్కో గడిలో మూడు, నాలుగు బిట్లు పెట్టడం నేర్చారు. ఇక పక్కపక్కన చోటు చాలక 2013 నుంచి అంతస్తులుగా పేర్చారు. 2022లో మైక్రాన్ అనే చిప్పుల కంపెనీ 232 అంతస్తుల దాకా వెళ్లింది. సన్‌డిస్క్ స్థాపకుల్లో ఒకరు, కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహరోత్రా, 2017లో ఆ మైక్రాన్‌కు అధిపతి అయ్యారు. ఆ సంస్థ ఇంజినీరింగ్ కేంద్రం 2019 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది.

చెరిపి రాసే ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. చెరిపిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లను ఆపి ఉంచే నిరోధకం కొంచెం అరుగుతుంది. అందుకే డ్రైవ్‌లోని కంట్రోలర్ రాత పనిని గడులన్నిటికీ సమంగా పంచుతుంది. డ్రైవ్ జీవితం 180 టెరాబైట్ల రాత అని కంపెనీ చెబితే, రోజుకు 20 జీబీ రాసినా 9,000 రోజులు, అంటే 24 ఏళ్లకు పైన వస్తుంది. విద్యార్థికి ఆ భయం అక్కర్లేదు. అయితే ఎస్‌ఎస్‌డి చాలాసార్లు ముందు చెప్పకుండా పోతుంది. థీసిస్ నకలు ఇంకోచోట ఉంచుకోవడం తప్పనిసరి.

అడిగేముందు చూడాల్సినవి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి, వెళ్లేముందు ల్యాప్‌టాప్ మోడల్ నంబరు రాసుకోండి. పాతవాటిలో చాలావరకు రెండున్నర అంగుళాల సాటా రకం పడుతుంది. ఎం.2 అనే సన్నని పట్టీ పట్టేవాటిలో మళ్లీ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండున్నాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయకపోవచ్చు. పెద్ద సామర్థ్యం, నమ్మలేని తక్కువ ధర అంటూ అమ్మే పేరు తెలియని డ్రైవ్‌ల జోలికి పోవద్దు. పేరున్న కంపెనీది, వారంటీ ఉన్నది, బిల్లుతో తీసుకోండి.

రెండో కానుక అడిగే వీలుంటే ర్యామ్. 4 జీబీ ఉన్నచోట 8 చేస్తే బ్రౌజర్ ట్యాబులు ఊపిరి పీల్చుకుంటాయి. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. ఇవి ముందే తెలుసుకోండి. ఇంకా తక్కువలో కావాలంటే, తీసేసిన హార్డ్ డిస్క్‌ను పెట్టుకునే యూఎస్‌బీ కేస్ అడగండి. డిస్క్ బాగుంటే ఆ పాతదే నకళ్లు దాచుకునే పెట్టె అవుతుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. 11 పట్టని యంత్రంలో లినక్స్ వేసుకోవచ్చు. అది ఉచితం, తెలుగులో టైపు చేయడానికీ ఇబ్బంది లేదు.

అమ్మానాన్నలకు, మేనమామలకు ఒక మాట. మీ పిల్లలు ‘ఎస్‌ఎస్‌డి’ అని అడిగితే అదేదో ఆటవస్తువు అనుకోకండి. మంచి ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను చెత్తకు పంపకుండా ఇంకో నాలుగేళ్ల చదువుకు నిలబెట్టే భాగం అది. పిల్లలూ, మీరు మొహమాటపడకండి. మోడల్ నంబరు రాసిన చీటీ చేతికిచ్చి మరీ అడగండి.