అనుమానం నిజమైనా విడాకులు రాని కాలం

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా బ్రిటన్‌ను ఏలింది. సింహాసనం మీద ఉన్నది మహిళే అయినా, భర్త మీద అనుమానం కలిగిన ఇల్లాలికి ఆ రోజుల్లో చట్టం అండ అంతంత మాత్రమే. ఆ సంగతులు కొన్ని...

◆ 1857కి ముందు ఇంగ్లండులో పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సిందే. అలా విడాకులు పొందినవారు 300 మందికి పైగా ఉంటే, వారిలో మహిళలు నలుగురే!

◆ 1857లో విడాకుల కోర్టుకు చట్టం చేశారు. భార్య దారి తప్పిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు ఇచ్చేవారు. భార్యకు మాత్రం భర్త పరస్త్రీ సంబంధం ఒక్కటే చాలదు. అతను తనను హింసించాడనో, రెండేళ్లకు పైగా వదిలేసి పోయాడనో, అలాంటి మరో తప్పు చేశాడనో కూడా నిరూపించాలి.

◆ అక్రమ సంబంధం గురించి భార్యాభర్తలు చెప్పే సాక్ష్యం 1869 దాకా కోర్టులో చెల్లేది కాదు. అందుకే పనిమనుషులు, ప్రైవేటు డిటెక్టివ్‌ల మాటకు అంత విలువ!

◆ 1870 దాకా పెళ్లయిన స్త్రీ కష్టార్జితం కూడా భర్తదే. ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో వచ్చింది.

◆ నవలాకారుడు ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ నుంచి విడిపోయిన భార్య రోసినా, 1858లో హెర్ట్‌ఫర్డ్ ఎన్నికల సభలో ఆయన తీరును అందరి ముందూ ఎండగట్టింది. కొద్ది రోజులకే ఆయన ఆమెకు పిచ్చి అని ముద్ర వేయించి పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. జనం గగ్గోలు పెట్టాక, దాదాపు మూడు వారాలకు బయటపడింది. వీరి కొడుకే 1876లో మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చిన లార్డ్ లిట్టన్.

◆ ఇలాంటి ఇల్లాలి కథతోనే పాట్రిక్ హామిల్టన్ 1938లో ‘గ్యాస్ లైట్’ నాటకం రాశాడు. రోజూ సాయంత్రం భర్త బయటికి వెళ్లగానే గదిలో గ్యాసు దీపం మసకబారుతుంది. పై అంతస్తులో ఎవరో దీపం వెలిగిస్తే గ్యాసు అటు మళ్లి కింది మంట తగ్గుతుంది. ఆ ‘ఎవరో’ ఆమె భర్తే! భార్యకు మతి చలించిందని నమ్మించి, అతను దొంగచాటుగా పైన కెంపుల కోసం వెతుకుతుంటాడు. 1944లో వచ్చిన సినిమాలో ఈ భార్య పాత్రకే ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఆస్కార్ అందుకుంది.

◆ భార్యకో రూలు, భర్తకో రూలు అనే ఆ పద్ధతిని ఇంగ్లండు 1923లో తీసేసింది. అదే తేడాతో బ్రిటిషువారు 1869లో మన దేశంలోని క్రైస్తవులకు విడాకుల చట్టం తెచ్చారు. మన పార్లమెంటు దాన్ని సవరించి, ఆలుమగలకు ఒకే న్యాయం చేసింది 2001లో!