పొగగొట్టంలో దాగిన అశ్వశక్తి

1961 సెప్టెంబరు 17. స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్ పందెపు బాటపై 125 సి.సి. మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. తూర్పు జర్మనీకి చెందిన ఎం.జెడ్. వాహనంపై ఎర్న్‌స్ట్ డెగ్నర్ కూర్చుని ఉన్నాడు. ఆ సంవత్సరపు ప్రపంచ విజేతల పట్టికలో అప్పటికి ఆయనదే ప్రథమ స్థానం. కిరీటం దాదాపు చేతికందినట్లే. కాని కొన్ని చుట్లు తిరిగేసరికే ఇంజను దెబ్బతిని ఆగిపోయింది. పందెం ముగిశాక ఎం.జెడ్. బృందంలో ఒక మనిషి తక్కువయ్యాడు. డెగ్నర్ డెన్మార్క్ మీదుగా పశ్చిమ జర్మనీకి వెళ్ళిపోయాడు. బెర్లిన్ గోడ మొలిచి అప్పటికి అయిదు వారాలు. ఆయన భార్యనూ ఇద్దరు పసివాళ్ళనూ ఆ రోజుల్లోనే కారులో దాచి సరిహద్దు దాటించారు.

వారితోపాటు సరిహద్దు దాటినది మరొకటి ఉంది. చోపావ్ అనే చిన్న పట్టణంలో ఒక ఇంజనీరు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న విద్య అది. దానిలో ప్రధాన భాగం ఒక రేకు గొట్టానికి సంబంధించినది.

పొగగొట్టమంటే పొగను వెనక్కి పంపి, చప్పుడును అణచే సాధనమని సామాన్యుల భావన. అందులో తిరిగే చక్రం లేదు, కదిలే మీట లేదు. అయినా టూ స్ట్రోక్ ఇంజను బలాబలాలను అది శాసిస్తుంది. ఎందుకో తెలియాలంటే ఆ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన లోపం తెలియాలి.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పొగ పోవడానికొక వాల్వు, కొత్త గాలి రావడానికొక వాల్వు. రెండింటికీ వేరు వేరు వేళలు. టూ స్ట్రోక్ ఇంజను ఒంటిగది కాపురం వంటిది. సిలిండరు గోడకున్న రంధ్రాలే దాని తలుపులు. పైకీ కిందికీ ఆడే పిస్టనే వాటిని మూసి తెరుస్తుంది. పాత పొగ ఒక తలుపున వెళ్తూ ఉండగానే పెట్రోలు కలిసిన కొత్త గాలి మరొక తలుపున ప్రవేశిస్తుంది. పిస్టను తిరిగి పైకి వచ్చేటప్పుడు కొత్త గాలి దారి ముందు మూతపడుతుంది. పొగ దారి ఆ తరువాతగాని మూతపడదు. ఆ లిప్తపాటులో, ఇంటికి వచ్చిన చుట్టం పెరటి గుమ్మాన జారుకున్నట్లు, కాలని మిశ్రమం కొంత పొగ వెంట వెళ్ళిపోతుంది. పెట్రోలు వృథా, బలం వృథా.

వెళ్ళిపోయిన దానిని గుమ్మం మూసేలోగా వెనక్కి నెట్టగలిగితే?

ఆ పని సాధించినవాడు వాల్టర్ కాడెన్. 1919లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో జన్మించాడు. యుద్ధకాలంలో పీనెమ్యుండెలో పనిచేశాడు. అక్కడ వి-1 అనే ఎగిరే బాంబును నడిపిన జెట్ ఇంజను నుండే ఆయన ఈ విద్య గ్రహించాడనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. వినసొంపైన కథే గాని, ఆయన పనిచేసింది హెన్షెల్ సంస్థ వారి 293 అనే వేరొక ఆయుధంపై. యుద్ధానంతరం కొంతకాలం ఇంటికప్పుల కొయ్యపని చేసుకుని, 1953లో చోపావ్ కర్మాగారపు పందెపు విభాగానికి అధిపతి అయ్యాడు. హోండా వంటి సంపన్న సంస్థలతో తలపడవలసిన ఆ విభాగానికి డబ్బు తక్కువ, మనుషులూ తక్కువే.

పొగ వేగంగా పోయేటప్పుడు పుట్టే ఒత్తిడి తరంగాలను వాడుకోవచ్చునన్న ఊహ కాడెన్‌కు ముందే ఉంది. 1930లలో మిషెల్ కాడెనసీ దానిపై పేటెంట్లు కూడా పొందాడు. (పేర్లు దగ్గరగా ఉన్నా ఈ ఇద్దరికీ సంబంధం లేదు.) కాడెన్ ఆ ఊహను కొలతల్లోకి తెచ్చాడు. గొట్టంలో ఒత్తిడి ఎప్పుడు లేస్తున్నదో, ఎప్పుడు పడుతున్నదో ఆసిలోస్కోపు తెరపై చూచి, గొట్టాలను కోసి, అతికి, మళ్ళీ కోసి పరీక్షించాడు.

చివరకు తేలిన ఆకారం విచిత్రమైనది. రెండు గరాటులను వెడల్పు మూతులు కలిపి అతికినట్లు, మేకను మింగిన కొండచిలువ వలె, నడుమ ఉబ్బి రెండు చివరలా సన్నగిల్లిన గొట్టం. ఇంజనీర్లు దీనిని ఎక్స్‌పాన్షన్ చాంబర్ అంటారు. ఇంజను నుండి పేలుడుగా వెలువడిన ఒత్తిడి తరంగం వెడల్పయ్యే మొదటి గరాటులోకి రాగానే దానిలో కొంత భాగం తలకిందులై, పీల్చే తరంగంగా సిలిండరు వైపు మళ్ళుతుంది. మిగిలిన పొగను అది లాగివేస్తుంది. కొత్త మిశ్రమాన్ని రమ్మని పిలుస్తుంది, కొంతదాన్ని గొట్టంలోకి కూడా ఈడ్చుకొస్తుంది. ఇంతలో అసలు తరంగం ఇరుకయ్యే రెండవ గరాటుకు తగిలి, బావిలో అరిచిన కేక తిరిగి వచ్చినట్లు, ఈసారి నెట్టే తరంగంగానే వెనక్కి వస్తుంది. గుమ్మం దాటిన మిశ్రమాన్ని సరిగా తలుపు మూసుకునే క్షణానికి మళ్ళీ లోపలికి తోస్తుంది.

అంతా ఆ క్షణంలోనే ఉంది. ఇంజను నిమిషానికి 10,800 చుట్లు తిరుగుతూంటే ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో 180వ వంతు. అందులో పొగ దారి తెరిచి ఉండేది సుమారు సగం. వేడి పొగలో తరంగం సెకనుకు దాదాపు 500 మీటర్లు పోతుందనుకుంటే, ఆ వ్యవధిలో అది 1.4 మీటర్లు మాత్రమే ప్రయాణించగలదు. అంటే పోను 70 సెంటీమీటర్లు, రాను 70. రెండవ గరాటు అటూ ఇటూ జరిగితే తరంగం తలుపు మూయకముందే వచ్చి పని చెడగొడుతుంది, లేదా మూసిన తలుపును తట్టి ఊరుకుంటుంది. అందుకే ఇటువంటి గొట్టం ఒక ఇరుకైన వేగపరిధిలోనే మహిమ చూపుతుంది. చోదకుడు ఇంజనును ఆ పరిధిలోనే నిలుపుకోవాలి. గేర్లు పెరగడానికి కారణం ఇదే: సుజుకి వారి 1967 నాటి 50 సి.సి. పందెపు యంత్రానికి పద్నాలుగు గేర్లు!

ఫలితం అంకెలలో చూడవచ్చు. 1939లో చోపావ్‌లోనే పుట్టిన డి.కె.డబ్ల్యు. ఆర్.టి. 125 అయిదు అశ్వశక్తులకు లోపే. 1961 నాటి కాడెన్ ఇంజను అంతే పరిమాణంలో 25 అశ్వశక్తులు ఇచ్చింది. లీటరుకు 200 అన్నమాట. సూపర్‌చార్జరు సాయం లేకుండా అంతకు ముందు ఏ ఇంజనూ ఆ మెట్టు ఎక్కలేదు. ఇందులో గొట్టం ఒక్కటే చేసినది కాదు. గాలి లోనికి వచ్చే దారిని తిరుగుడు పళ్ళెంతో మూసి తెరిచే ఏర్పాటు కూడా ఉంది. అయితే గొట్టం లేనిదే మిగిలినవి నిష్ప్రయోజనం.

గొట్టం ఆకారం అందరికీ కనిపించేదే. పందెపు మైదానంలో ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు. కొలతల వెనుక ఉన్న లెక్క మాత్రం కంటికి కనిపించదు. డెగ్నర్ చోదకుడే కాదు, ఇంజనీరు కూడా. ఆయన సుజుకిలో చేరాడు. 1961 వరకు ప్రపంచ పందాలలో వెనుకబడి ఉన్న ఆ సంస్థకు 1962లోనే 50 సి.సి. ప్రపంచ విజేత స్థానం దక్కింది, విజేత డెగ్నరే. టూ స్ట్రోక్ యంత్రానికి అది మొట్టమొదటి ప్రపంచ కిరీటం. 1961 నాటి 125 సి.సి. కిరీటం హోండా చోదకుడు టామ్ ఫిలిస్ తలకెక్కింది. కాడెన్ చోపావ్‌లోనే ఉండి పని సాగించాడు. 1963లో మైక్ హెయిల్‌వుడ్ ఎం.జెడ్. వాహనంపై శాక్సెన్‌రింగ్‌లో 250 సి.సి. పందెం గెలిచాడు గాని, ప్రపంచ విజేత స్థానం మాత్రం ఆ సంస్థకు ఎన్నడూ రాలేదు.

ఆ విద్య తరువాత జపాను యంత్రాలతోపాటు లోకమంతా వ్యాపించింది. మన దేశంలో 1985లో విడుదలై 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 పొగగొట్టం పైకి మామూలు సైలెన్సర్ వలె సాఫీగా కనిపిస్తుంది. కోసి చూస్తే లోపల గరాటు ఉంటుంది. చప్పుడు పెరిగితే బలం పెరుగుతుందన్న నమ్మకంతో ఆ గొట్టాన్ని మధ్యకు నరికించుకున్న కుర్రవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారికి మిగిలేది చప్పుడే. వెనక్కి తోసే తరంగం పోయాక బండి మునుపటికంటే మందగిస్తుంది.

కాడెన్ 1996 మార్చిలో మరణించాడు. జపానులోని సుజుకా పందెపు బాటలో ఒక మలుపును నేటికీ డెగ్నర్ పేరుతో పిలుస్తారు. 1962లో ఆయన అక్కడ బండి మీదినుండి పడ్డాడు.