ఆ 111 నన్ను బకరాని చేసింది!

నైట్ షిఫ్ట్‌లో ఉన్నా. మెయిన్‌ఫ్రేమ్‌కి ఒక్క కనెక్షనూ రావట్లేదు. లాగ్‌లో ఎర్రర్ నంబర్ 111. ఫోన్‌లో వెతికితే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వచ్చింది. ఇంకేముంది, ఫైర్‌వాల్ చూసే కుర్రాణ్ని అర్ధరాత్రి నిద్రలేపి మరీ దులిపేశా. పాపం, రెండు గంటలు వెతికాడు.

తెల్లవారుజామున సీనియర్ అక్క లాగ్ చూసి, ‘‘తమ్ముడూ, నువ్వు చదివింది లైనక్స్ అర్థం. ఇది జెడ్‌ఓఎస్’’ అంది. ఇక్కడ 111 అంటే ‘పర్మిషన్ డినైడ్’. కనెక్షన్ రిఫ్యూజ్డ్‌కి నంబరు 1128! అంతకుముందే మా సర్వర్ జాబ్ పేరు మార్చాం. టీసీపీఐపీ ప్రొఫైల్‌లో మాత్రం ఆ పోర్టు పాత పేరు మీదే రిజర్వ్ అయి ఉంది. కొత్త పేరుతో అడిగితే ఎందుకిస్తుంది? అసలు ఫైర్‌వాల్ దాకా వెళ్లాల్సిన పనే లేదు.

పేరు సరిచేశాక కనెక్షన్లు వచ్చాయి. సారీ చెబుదామని ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే... ఎత్తలేదు.