పొరుగింటి బిడ్డకు లైసెన్సేల?

తల్లి కూలికి పోవునప్పుడు పసిబిడ్డను పొరుగింటి అవ్వకు అప్పగించి పోవుట మన పల్లెలలో అనాదిగా నున్న వాడుక. దానికి సర్కారువారి లైసెన్సు వలయునని యెవరైన ననినచో మనకు నవ్వు వచ్చును. కాని నేడు మన గ్రామములనుండి వెడలిన యువదంపతులు పెక్కుమంది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కాపురము చేయుచున్నారు. అచ్చట ఆలుమగలిద్దరును ఉద్యోగములకు పోవువారైనచో బిడ్డను చూచువారు కావలెను. ఇంటిపట్టున నున్న మన ఆడపడుచు, “తెలిసినవారి పిల్లలను నలుగురిని చూచుకొందునా, నాన్నగారూ?” అని ఫోనులో అడుగుట కలదు. సరేయనుటకు ముందు పెద్దలు అచ్చటి శాసనమును కొంత తెలిసికొనుట మంచిది.

ఆ శాసనము మొదట అడుగు ప్రశ్న పిల్లలెందరని కాదు, ఎన్ని కుటుంబముల పిల్లలని. తన బిడ్డలను, బంధువుల బిడ్డలను చూచుటకు లైసెన్సు అక్కరలేదు. తన బిడ్డలతోపాటు వేరొక్క కుటుంబపు పిల్లలను చూచినను అక్కరలేదు. ఒక స్నేహితురాలి ముగ్గురు బిడ్డలను చూచు నామెకు లైసెన్సు లేకున్నను దోషము లేదు. ఇద్దరు స్నేహితురాండ్ర బిడ్డలను ఒక్కొక్కరిని జీతము తీసికొని చూచు నామెకు లైసెన్సు తప్పదు. ముగ్గురికి లేని నిర్బంధము ఇద్దరికేల యని మీరడుగవచ్చును. ఒక్క కుటుంబముతోడి యేర్పాటు రెండిండ్ల నడుమ నమ్మకము. రెండవ కుటుంబము వచ్చినంతనే అది నలుగురికి తలుపు తెరచిన పనియగునని శాసనకర్తలు తలచియుందురని నాకు తోచుచున్నది.

కావున లైసెన్సు లేనివారందరు దొంగచాటువారని తలంపరాదు. శాసనమే మినహాయించినవారు వేరు, మినహాయింపు లేకయే నడుపువారు వేరు. తప్పు ఈ రెండవవారిది. మినహాయింపు గలవారును వ్రేలిముద్రలిచ్చి, నేరచరిత్ర లేదని పరీక్షింపించుకొని, ట్రస్ట్‌లైన్ అను రాష్ట్రపు పట్టికలో పేరు వ్రాయించుకొనవచ్చును. తలిదండ్రులకు అదియొక ధైర్యము.

లైసెన్సు నిచ్చునది రాష్ట్ర సాంఘిక సేవాశాఖ. ఇంటిలో నడుపు చిన్న గృహమునకు సాధారణముగా 6గురు, కొన్ని షరతులపై 8మంది పిల్లలు పరిమితి. సహాయకురాలుండు పెద్ద గృహమునకు 12మంది, షరతులపై 14మంది. మనవారు పొరబడునది ఇచ్చటనే: ఆ యింటనుండు పదేండ్లలోపు సొంతబిడ్డలును ఈ లెక్కలోనివారే. చిన్న గృహమున అందరును రెండేండ్లలోపు పసివారైనచో నలుగురికి మించరాదు. ఆ యింట నివసించు పెద్దలందరును, మామగారైనను మరదియైనను, వ్రేలిముద్రలీయవలెను. నడుపు నామె తనకు క్షయ లేదని నిరూపింపవలెను. గొంతున అడ్డుపడినను, ఊపిరి నిలిచినను బిడ్డకు చేయవలసిన ప్రథమచికిత్స నేర్వవలెను. తనిఖీదారు వచ్చి ఇల్లు చూచును. ఆ నివేదికలు తలిదండ్రులు చదువవచ్చును. అద్దెయింటివారు యజమానికి 30 దినములు ముందుగా వ్రాతమూలమున తెలుపవలెను.

ఈ నిబంధనలలో నా మనస్సునకు మిక్కిలి తగిలినది నిద్రను గూర్చినది. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టవలెను. తొట్టిలో దిండు, బొంత, బొమ్మ ఉంచరాదు. గుడ్డలో బిగించి చుట్టరాదు. రెండేండ్లలోపు బిడ్డ నిద్రించుచుండగా 15 నిమిషముల కొకమారు చూచి, చూచినట్లు వ్రాసి యుంచవలెను. మన అవ్వలు ఇది చాదస్త మందురు. కాని ఆరోగ్యముగా నున్న పసిబిడ్డలు నిద్రలోనే హఠాత్తుగా మరణించుట కలదు. బోర్లపరుండబెట్టినచో ఆ యపాయము హెచ్చునని వైద్యులు కనుగొనిరి. 1994లో అమెరికాలో వెల్లకిల పరుండబెట్టుటను గూర్చి దేశవ్యాప్తముగా ప్రచారము సాగిన పిదప అట్టి మరణములు సగమునకు పైగా తగ్గినవి. లైసెన్సు అక్కరలేని అమ్మమ్మయు దీనిని పాటింపవచ్చును. దీనికి రుసుము లేదు.

ఇక మీకు స్వయముగా సంబంధించిన మాట యొకటి. బిడ్డల యింటికి సందర్శకుల వీసాపై వెళ్లినవారు సొంత మనుమని ఆడించుట కుటుంబవిషయము. పక్కవాటా వారి బిడ్డనుగూడ చూచి డబ్బు పుచ్చుకొనుట ఉద్యోగమగును. ఆ వీసా దానిని సమ్మతింపదు. భర్త ఉద్యోగవీసాను ఆశ్రయించి హెచ్-4 వీసాపై నున్న భార్యకును వేరుగా పని యనుమతి యుండినగాని సంపాదన తగదు. పిల్లలను చూచు లైసెన్సు రాష్ట్రపుది, పని యనుమతి కేంద్రప్రభుత్వపుది. ఒకటి యున్నంతమాత్రమున రెండవది వచ్చినట్లు కాదు. కనుక ఆడపడుచు ఫోను చేసినప్పుడు మొదట ఆమె వీసా యేదో అడుగుడు. పిదప ఎన్ని యిండ్ల పిల్లలో అడుగుడు.