జస్ట్ ట్రాన్సిషన్

బొగ్గు గనులు మూసేస్తే గాలి బాగుపడుతుంది. మరి గని కార్మికుడి గతేమిటి? ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు చెప్పాల్సిన జవాబే జస్ట్ ట్రాన్సిషన్, అంటే న్యాయబద్ధమైన మార్పు. అమెరికా కార్మిక సంఘాల్లో పుట్టిన ఈ ఆలోచనకు 2015 పారిస్ వాతావరణ ఒప్పందం పీఠికలో చోటు దక్కింది.

జర్మనీ 2020లో చట్టం చేసి, 2038 నాటికి బొగ్గు విద్యుత్తుకు స్వస్తి చెబుతామంది. బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల దాకా కేటాయించింది. ఉద్యోగం పోయే 58 ఏళ్లు దాటిన కార్మికులకు పింఛను వచ్చేదాకా, గరిష్ఠంగా అయిదేళ్లు, భృతి ఇస్తుంది. డబ్బున్న దేశం కాబట్టి చెల్లింది. దక్షిణాఫ్రికాలో కొమాటి బొగ్గు విద్యుత్కేంద్రం 2022లో మూతపడింది. ప్రత్యామ్నాయ ఉపాధి మాత్రం అంత వేగంగా రాలేదని స్థానికుల ఫిర్యాదు.

మన దేశ నెట్ జీరో (నికర శూన్య ఉద్గారాల) గడువు 2070. తొందరేముంది అనిపించవచ్చు. కానీ గోదావరిఖని, కొత్తగూడెం, బెల్లంపల్లి లాంటి ఊళ్లు నిలబడిందే సింగరేణి బొగ్గు గనుల మీద. పర్మినెంటు ఉద్యోగికి పింఛనైనా ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి, గని గేటు ముందు టీ కొట్టు వాడికి ఏముంది? సింగరేణి సోలార్ ప్లాంట్లు పెట్టడం మంచిదే, అయితే గనికి కావలసినంత మంది సోలార్‌కు అక్కర్లేదు. గనుల ప్రభావిత ప్రాంతాల కోసం 2015 నుంచి ఉన్న జిల్లా ఖనిజ నిధిని రోడ్లు, భవనాలతో సరిపెట్టకుండా కొత్త ఉపాధికి మళ్లించడం ఇప్పుడే మొదలుపెట్టాలి.