పాత పికప్ బండి తాగే డీజిలు ఎవరి కూలిలోంచి పోతోంది?

మిరప కోతలు మొదలైతే నల్లపాడులో తెల్లారకముందే రోడ్డు మేలుకుంటుంది. అన్నం క్యారియర్లు, నీళ్ళ సీసాలు, తలకు చుట్టుకునే పాత చీరముక్కలు పట్టుకుని ఆడకూలీలు ముఠాలు ముఠాలుగా రోడ్డువారన నిలబడి ఉంటారు. నల్లపాడు పేరుకు రైల్వే జంక్షనే. సికింద్రాబాదు వైపు పోయే లైనూ, నంద్యాల వైపు పోయే లైనూ ఇక్కడే విడిపోతాయి. కానీ రైలు చేలగట్టున ఆగదు గదా! కూలీలను చేను దాకా చేర్చేది పాత పికప్ బండ్లూ, సరుకు ఆటోలూనే.

మొన్నటి కోతల్లో అలాంటి ఒక బండి దగ్గర మాటామాటా పెరగటం చూశాం. డ్రైవరు కిరాయి పెంచాలన్నాడు.

"నన్నేం చెయ్యమంటావు పిన్నమ్మా, బండి డీజిలు తాగేస్తోంది" అన్నాడు.

"తాగేది నీ బండి, కట్టేది మేమా?" అంది ఆమె.

ఆ ప్రశ్న న్యాయమైనదే. డ్రైవరు చెప్పిందీ అబద్ధం కాదు. అతను పెద్ద ఆసామీ కాడు. రెండు చేతులు మారిన బండిని అప్పుచేసి కొన్న సన్నకారు రైతు కొడుకు. వాళ్ళిద్దరి మధ్య తగవు పెట్టిన డీజిలు ఎక్కడికి పోతోందో, దాన్ని ఎలా ఆపవచ్చో చూద్దాం.

ముందు లెక్క

ఒక పాత పికప్ బాగున్న రోజుల్లో లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చి, ఇప్పుడు 8కి పడిపోయిందనుకుందాం. రానుపోను రోజుకు 60 కిలోమీటర్లు. వెనక అయిదు లీటర్లు సరిపోయేది, ఇప్పుడు ఏడున్నర కావాలి. లెక్కకు సులువుగా లీటరు వంద రూపాయలనుకుంటే రోజుకు 250 రూపాయలు వృథా. ఎనభై రోజుల కోతలకు 20 వేలు. ఆ బండిలో ఇరవైమంది వెళితే, మనిషికి సీజనుకు వెయ్యి రూపాయలు పొగగొట్టంలోంచి పోయినట్టు.

కొన్నిచోట్ల కిరాయి రైతు ఇస్తాడు, కొన్నిచోట్ల కూలీలే పెట్టుకుంటారు. రైతు ఇచ్చినా "బండి ఖర్చు నాదే" అని కూలిరేటు దగ్గర బిగబడతాడు. కల్లంలోంచి యార్డుకు టిక్కీలు తోలే కౌలురైతుకైతే ఈ నష్టం తిన్నగా నెత్తిమీదే పడుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మైలేజీ పడిపోయిన డ్రైవరు ఏం చేస్తాడు? గిట్టుబాటు కోసం ఇంకో నలుగుర్ని ఎక్కిస్తాడు. బరువెక్కిన బండి ఇంకా ఎక్కువ తాగుతుంది. మళ్ళీ ఇంకో ఇద్దరు ఎక్కుతారు. ఎక్కువైన మనుషులతో, అరిగిన టైర్లతో పోయే బండ్లు బోల్తాపడి ఎన్ని కుటుంబాలు దిక్కులేనివయ్యాయో మన పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి మైలేజీ అంటే డ్రైవరు గొడవ మాత్రమే కాదు, కూలీల ప్రాణాల గొడవ కూడా.

కొలవకుండా రోగం తెలియదు

"బండి బాగా తాగుతోందండీ" అంటే చాలదు. ఎంత తాగుతోంది? ట్యాంకు నిండా పోయించండి. మీటరు అంకె రాసుకోండి. రెండు మూడు రోజులు మామూలుగా తిప్పి, అదే బంకులో మళ్ళీ అంతే నిండుగా పోయించండి. రెండోసారి పట్టినన్ని లీటర్లే ఖర్చయిన డీజిలు. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. ఒక్కసారి చూసి తేల్చకూడదు. మూడుసార్లు చూసి సగటు తీయాలి. మీటరు చెడిపోతే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళే మీటరు.

ఒక మరమ్మతు చేయించినప్పుడల్లా మళ్ళీ కొలవండి. నాలుగు పనులు ఒకేసారి చేయిస్తే దేనివల్ల లాభం వచ్చిందో తెలియదు.

ఖర్చులేనివి ముందు

డీజిలు ఇంజను ఎంత మంచిదైనా నూనెలోని వేడిలో మూడోవంతో, అంతకు కాస్త ఎక్కువో మాత్రమే పనిగా మారుస్తుంది. మిగతాది రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా పోతుంది. ఆ దక్కిన మూడోవంతును కూడా దారిలో తినేసేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది టైర్లలో గాలి. గాలి తక్కువైన టైరు నేలకు అతుక్కుపోయి ఈడుస్తుంది. మెత్తబడిన టైర్లతో సైకిలు తొక్కి చూసినవారికి ఈ సంగతి తెలుసు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. బరువు వేసినప్పుడు ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలోనో, తలుపు దగ్గర అంటించిన రేకు మీదో ఉంటుంది.

రెండోది పట్టేసిన బ్రేకులు. కొంతదూరం బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రం కాలిపోతుంటే అక్కడ బ్రేకు వదలటం లేదు, లేదా బేరింగు పోయింది. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే చక్రం తేలిగ్గా తిరగాలి. బ్రేకు వేసుకునే బండి నడపటమంటే ఒక పక్క నీళ్ళు తోడుతూ ఇంకో పక్క గండి కొట్టుకోవటమే.

మూడోది డ్రైవరు కాలు. క్లచ్ మీద కాలు ఆనించి నడిపితే ప్లేటు జారి అరుగుతుంది. గ్యాసు తొక్కితే ఇంజను గోల పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో నూనె ఆదా అవుతుందని, 1978లో ఏర్పడిన కేంద్ర పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంస్థ ఎంతోకాలంగా చెబుతోంది. యార్డు గేటు దగ్గర వరుసలో గంటసేపు ఇంజను ఆపకుండా నిలబెడితే, కదలకుండానే సుమారు అర లీటరు అయిపోతుంది. ఆపెయ్యండి.

మన నేల దుమ్ము, మన బండి ఊపిరి

డీజిలు మండాలంటే గాలి కావాలి. ఎండిన నల్లరేగడి దుమ్ము, పత్తి నూగు, మిరప యార్డు ధూళి అన్నీ చేరేది ఎయిర్ ఫిల్టరులోకే. ఫిల్టరు మూసుకుపోతే గాలి చాలక డీజిలు సగం మండి నల్లపొగగా పోతుంది. బజారు రోడ్డు మీదే తిరిగే బండికి చెప్పిన గడువు పుంత దారుల్లో తిరిగే బండికి సరిపోదు. కోతల రోజుల్లో వారానికోసారి విప్పి చూడాలి.

కాగితం ఫిల్టరును నెమ్మదిగా తట్టి, లోపల్నుంచి బయటికి తక్కువ వత్తిడితో గాలి కొట్టాలి. కిరసనాయిలుతో కడగకూడదు. పాత జీపు రకం బండ్లలో ఆయిలు పోసే ఫిల్టరు ఉంటే, దాన్ని కడిగి గుర్తుదాకా కొత్త ఆయిలు పోయాలి. కొందరు "గాలి బాగా ఆడుతుంది" అని ఫిల్టరే తీసేస్తారు. అంతకన్న తెలివితక్కువ పని లేదు. ఆ దుమ్ము ఉప్పుకాగితంలా పిస్టన్ రింగుల్నీ, లైనర్లనీ అరగదీస్తుంది. కొత్త ఫిల్టరు ఖరీదు రెండు మూడు రోజుల వృథా డీజిలు పాటి చెయ్యదు.

ఇలాంటిదే ఇంకో పొరపాటు. మన ఎండలకు ఇంజను వేడెక్కుతుందని థర్మోస్టాటు తీసి పారేస్తారు. ఇంజనుకు తగిన వేడి ఉంటేనే డీజిలు సరిగ్గా మండుతుంది. చల్లగా నడిచే ఇంజను ఎక్కువ తాగుతుంది. బండి మరిగిపోతుంటే రేడియేటరు, నీళ్ళ పంపు, ఫ్యాను బెల్టు చూపించాలి. థర్మోస్టాటును శిక్షించి లాభం లేదు.

పొగ చెప్పే మాట

వైద్యుడు నాలుక చూసినట్టు మేస్త్రి పొగ చూస్తాడు. నల్లపొగ వస్తే గాలి తక్కువ, లేదా డీజిలు ఎక్కువ. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది, అంటే రింగులో, వాల్వుల సీళ్ళో అరిగాయి. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు మండకుండా పోతోంది, లేదా నీళ్ళు లోపలికి దిగుతున్నాయి.

ఫిల్టరు మార్చినా నల్లపొగ పోకపోతే నాజిళ్ళు విప్పించాలి. నాజిలు డీజిలును మంచుతుంపరలా చిమ్మాలి. కారినట్టు పోస్తుంటే ఆ డీజిలు సగం దండగే. వాటిని పరీక్ష స్టాండు మీద పెట్టి మీ కళ్ళ ముందు చూపించమనండి. పంపు సీలు విప్పి "కాస్త పెంచుదాం" అనేవారిని దగ్గరికి రానీయకండి. లాగుడు పెరిగినట్టు కనబడుతుంది, డీజిలు ఎక్కువ పోతుంది. పంపు సరిచేయటం దానికి తగిన యంత్రం ఉన్నచోటే జరగాలి. చౌకని కిరసనాయిలు కలిపితే పంపులో జిడ్డు చాలక అది త్వరగా అరిగిపోతుంది. టాపెట్ల సందు, డీజిలు ఫిల్టరు, చక్రాల అలైన్‌మెంటు కూడా ఈ వరుసలోనే చూపించుకోవాలి.

ఇక బజారులో అమ్మే అయస్కాంతాలు, మాత్రలు, "మైలేజీ పెంచే" సీసాల మాట. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. కాస్తో కూస్తో పనిచేసినవి బహుకొద్ది అని తేల్చింది. ఆ డబ్బుతో టైర్లకు గాలి కొట్టించుకోండి.

మేస్త్రి చేతిలో లేనిది

ఇవన్నీ చేసినా ఒక బరువు మిగులుతుంది. దాన్ని ఏ పానాతోనూ విప్పలేం. 2014 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం డీజిలు ధర మీద అదుపు ఎత్తేసింది. ఆ ఏడాది మొదట్లో లీటరుకు 3 రూపాయల 56 పైసలున్న కేంద్ర ఎక్సయిజు సుంకం 2020 మే నాటికి 32 రూపాయలకు దగ్గరికి చేరింది. ప్రపంచ మార్కెట్టులో చమురు ధర పడిపోయిన రోజులవి. ఆ లాభం కూలీ బండి దాకా రాలేదు. 2021 నవంబరులో పది రూపాయలు, 2022 మేలో ఆరు రూపాయలు తగ్గించినా పాతస్థాయికి రాలేదు. దీనిమీద రాష్ట్రం వేసే పన్ను వేరే. లక్షాధికారి కారుకూ, మిరప కూలీల బండికీ లీటరు మీద పన్ను ఒక్కటే!

కొత్త బండి కొనుక్కోమని సలహా ఇవ్వటం తేలిక. 15 ఏళ్ళు దాటిన సరుకు బండ్లకు ఫిట్‌నెస్ రుసుములు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. పాత బండి మీద బతికేవాడికి ఆ కొత్త బండి అప్పు ఎవరిస్తారు?

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించటానికి చట్టం ఒప్పుకోదు. అలా ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మైలేజీ బాగుపడినంత మాత్రాన ఈ ప్రమాదం తీరదు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ తెల్లవారుజామున కోతలకు పోయే దారిలో బస్సు ఉంటేనే గదా ఆ ఉచితం కూలీకి దక్కేది! కోతల నెలల్లో పొద్దున్నే, సాయంత్రం చేల ఊళ్ళకు బస్సులు నడపాలని అడగటం మన హక్కు.

ఏం చేద్దాం?

ఆ రోజు పిన్నమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇద్దరూ కలిసి వెతకాలి. ముఠాకో పుస్తకం పెట్టండి. ఎన్ని లీటర్లు పోయించారు, ఎంత దూరం తిరిగారు, ఏ మరమ్మతు చేయించారు అన్నీ అందులో ఎక్కించండి. చదువుకున్న పిల్లలు రాస్తారు. పుస్తకం డ్రైవరు దగ్గరా, ముఠా దగ్గరా ఉండాలి. కిరాయి ఆ లెక్క మీద తేలాలి, నోటిమాట మీద కాదు. మైలేజీ బాగుపడితే మిగిలినదాంట్లో కొంత మరమ్మతుకు పోగా, మిగతాది మనుషుల్ని తగ్గించటానికి వాడాలని షరతు పెట్టండి. రైతుతో కూలి బేరం చేసేటప్పుడు బండి ఖర్చును కూలి రేటులో కలపకుండా విడిగా తేల్చండి.

డ్రైవరూ, కూలీలూ తమలో తాము తగవులాడుకున్నంతకాలం డీజిలు మీద పన్ను వేసేవాడి జోలికి ఎవరూ పోరు. రేపు తెల్లారి బండెక్కేముందు టైర్లు ఒకసారి చూడండి. సాయంత్రం దిగాక లెక్క ఒకసారి రాయండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.