ఎముక తెలుపు ఎక్కడిది?

ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఎముక తెల్లగా పడుతుంది. గట్టిది కాబట్టి కిరణాలు దాటలేకపోయాయని చాలామంది అనుకుంటారు. గట్టిదనానికీ దీనికీ సంబంధం లేదు. బేరియం మందు తాగించి తీస్తే మెత్తటి పేగు కూడా అంతే తెల్లగా కనబడుతుంది.

1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఈ కిరణాలను కనిపెట్టిన రాంట్‌జెన్‌కు ఈ చిక్కు మొదట్లోనే ఎదురైంది. అల్యూమినియం, గాజు, క్వార్ట్జ్, కాల్సైట్ పలకలను ఒకే మందంలో అడ్డం పెట్టి చూశాడు. నాలుగింటి సాంద్రతా దగ్గరదగ్గరే. అయినా కిరణాలు నాలుగింటినీ ఒకేలా దాటలేదు. సాంద్రత ఒక్కటే కారణం కాదని తేల్చాడు. అసలు కారణం చెబుదామంటే అప్పటికింకా ఎలక్ట్రాన్‌నే ఎవరూ కనిపెట్టలేదు!

పరమాణువులో కేంద్రకానికి దగ్గరగా, బిగువుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకిన ఎక్స్‌రే ఫోటాన్ తన శక్తినంతా దానికిచ్చేసి మాయమైపోతుంది. ఎలక్ట్రాన్ బయటికి ఎగిరిపోతుంది. ఇది కాంతివిద్యుత్ ఫలితం. గ్రాముకు గ్రాము పోలిస్తే, ఇలా జరిగే అవకాశం పరమాణు సంఖ్య ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కండరంలో అధికంగా ఉండే ఆక్సిజన్ సంఖ్య 8, ఎముకలోని కాల్షియంది 20. రెండున్నర రెట్ల తేడా ఘనం చేసేసరికి 15 రెట్లు దాటుతుంది. బేరియం సంఖ్య 56. ఇక పేగు తెల్లబడదా మరి!

ఫోటాన్ శక్తి రెట్టింపైతే ఆ అవకాశం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. టెక్నీషియన్ ఆ శక్తిని నిర్ణయించే కేవీ (కిలోవోల్టులు) మార్చేది అందుకే. రొమ్ములో ఉన్నదంతా మెత్తటి కణజాలమే కాబట్టి, చిన్న తేడా కూడా తెలియాలని 30 కేవీ దగ్గర తీస్తారు. ఛాతీకి 120 దాకా పెంచుతారు. పక్కటెముకలు పలచబడి, వెనకున్న ఊపిరితిత్తి తెలుస్తుంది.

పెంచితే ఇంకో ఇబ్బంది. అప్పుడు ఫోటాన్లలో ఎక్కువ భాగం మాయం కావు. వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను క్యారమ్ స్ట్రైకర్‌లా కొట్టి, కొంత శక్తి పోగొట్టుకుని పక్కకు మళ్లుతాయి. 1923లో ఆర్థర్ కాంప్టన్ లెక్కగట్టి చూపించింది ఈ తాకిడినే. అలా దారి తప్పినవి ఫిల్మ్ మీద ఎక్కడపడితే అక్కడ పడి బొమ్మను మసకబారుస్తాయి. వాటిని ఆపడానికే రోగికీ ఫిల్మ్‌కీ మధ్య సన్నటి సీసపు పట్టీల గ్రిడ్ పెడతారు.

కాంప్టన్ తాకిడికి పరమాణు సంఖ్యతో అంతగా పనిలేదు. దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నదే ముఖ్యం. ఆసుపత్రిలో తలనొప్పి తెచ్చిన ఈ గుణమే విమానాశ్రయంలో అక్కరకొచ్చింది. అక్కడి యంత్రం బ్యాగును తక్కువ శక్తితోనూ, ఎక్కువ శక్తితోనూ చూసి, రెండింటినీ పోల్చి, పరమాణు సంఖ్యను అంచనా వేసి, తేలిక మూలకాలకు నారింజ రంగు, లోహాలకు నీలం వేస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయికి అమ్మ కట్టిచ్చిన సున్నుండలు నారింజ రంగులో కనబడతాయి. చాలా పేలుడు పదార్థాలదీ అదే రంగు. బ్యాగు విప్పి చూపించమనేది అందుకే.